డేగ రాసిన అభిప్రాయం

స్టిక్‌ని ఎడమకి వంచి వదిలాడు మెకానిక్. అది తిరిగొచ్చి మధ్యలో నిలబడింది. కుడికి వంచి వదిలాడు. వెంట్రుకవాసి అవతల ఆగింది. అడుగున ఉన్న మూత విప్పి, స్ప్రింగు స్క్రూని పావువంతు తిప్పి మళ్ళీ వంచాడు. ఈసారి సరిగ్గా మధ్యకే వచ్చింది. గుడ్డ మీద నాలుగు చుక్కల స్పిరిట్ పోసి పిడి తుడిచాడు. నిన్నటి అరచేతుల జిడ్డు నల్లగా గుడ్డకి దిగింది.

సాయంత్రం నాలుగింటికి వ్యాన్ ఎక్కిపోయే యంత్రానికి ఇంత సేవ ఎందుకని అడిగేవాళ్ళు లేరు. ఉన్నా అతను చెప్పేవాడు కాదు.

రైల్వే స్టేషన్ ఎదుట మేడ మీద ఉన్న ఆటల గది అది. ఒకప్పుడు పన్నెండు యంత్రాలు. పదకొండు ఈ పది రోజుల్లో ఒక్కొక్కటే దిగిపోయాయి. అవి నిలబడ్డ చోట్ల గచ్చు మీద పదకొండు తెల్లటి చతురస్రాలు మిగిలాయి. గది ఇంత పెద్దదని ఇరవై రెండేళ్ళలో అతనికెప్పుడూ తోచలేదు. మిగిలింది విమానాల ఆట ఒక్కటే. బూడిదరంగు రేకుతో విమానం ముక్కులా కట్టిన కాబిన్, చిరిగితే మూడుసార్లు కుట్టించిన సీటు, ఎదురుగా ఆట కనబడే అద్దం. పక్కన కొక్కేనికి వేలాడుతూ తాడు కట్టిన లావుపాటి నోటుపుస్తకం.

తలుపు ఇంకా తీయలేదు. మెకానిక్ సీట్లో కూర్చుని, తన జేబులోంచి టోకెన్ తీసి వేశాడు. ఏడేళ్ళుగా రోజూ పొద్దున ఒక్క ఆట. రెండోది ఎప్పుడూ ఆడలేదు. అద్దం మీద ముందుగా పట్టిక వచ్చింది. గెలిచినవాళ్ళు తమ గుర్తుగా ఒక పిట్టను ఎంచుకోవాలి ఈ ఆటలో. అన్నిటికన్నా పైన రెక్కలు చాపిన డేగ. పక్కన తొమ్మిది లక్షల ఎనభై నాలుగు వేల రెండు వందలు.

ఆ అంకెని దించాలి. అతనికి మిగిలిన పని అదొక్కటే.

తుడిచెయ్యాలంటే చిటికెలో పని. వెనక బోర్డు మీద రూపాయంత బ్యాటరీ ఉంటుంది. అది తీస్తే పట్టిక మొత్తం ఖాళీ. కానీ అతను ఆ పని చేయలేదు. పైగా బ్యాటరీ బలం తగ్గినప్పుడల్లా, ఏడేళ్ళలో మూడుసార్లు, కరెంటు ఆపకుండానే ఊపిరి బిగబట్టి కొత్తది వేశాడు, శత్రువు స్కోరు పోకుండా. పోతే ఇంక ఎవర్ని దించుతాడు?

మూడో రౌండులో కొండల సందు దాటాడు. అయిదో రౌండులో ఓడని ముంచాడు. ఏడో రౌండులో, సముద్రం మీద, వెనక నుంచి వచ్చిన రెండు విమానాల్లో ఒకదాన్ని చూడలేదు. తొమ్మిది లక్షల డెబ్భై మూడు వేలు. ఇంతకుముందెప్పుడూ అంత రాలేదు. అయినా కిందే.

లేచి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, తలుపు తీశాడు.

పదకొండింటికి ఓనరమ్మ వచ్చింది. పాత ఓనరు కూతురు. గది కళ్ళజోళ్ళ దుకాణానికి ఇచ్చేసింది.

"నాలుగింటికి వ్యాన్ బాబాయ్. తాళాలు కింద టీ కొట్లో ఇచ్చి వెళ్ళిపో. ఇంకా ఎందుకు తుడుస్తున్నావ్, పెళ్ళిచూపులకేమైనా పంపుతున్నామా?"

"అలవాటమ్మా."

"మరి రేపట్నుంచి ఏం చేస్తావ్?"

"ఏదో ఒకటి."

ఆమె ఇంకేదో అనబోయి, టోకెన్ల కిటికీ వైపు చూసి, దిగిపోయింది. ఆ కిటికీకి ఏడేళ్ళుగా చెక్క కొట్టి ఉంది.

ఆ కిటికీ వెనక అతని భార్య కూర్చునేది. నోటుపుస్తకం పెట్టించిందీ ఆవిడే. ఆడినవాళ్ళు దిగి గొణుక్కుంటూ పోతుంటే, "ఆ గొణిగేదేదో ఇందులో రాయండి, కంపెనీకి పంపుతాం" అనేది. కంపెనీకి ఏనాడూ పంపలేదు. సాయంత్రం తీరిగ్గా చదివి, ప్రతి అభిప్రాయం కింద ఎర్ర పెన్నుతో తనే జవాబు రాసేది. మర్నాడు వాళ్ళు ఆట కోసం కాక జవాబు కోసం మెట్లెక్కేవారు.

'ఈ విమానంలో పెట్రోలు ఎప్పటికీ అయిపోదు. నిజం విమానం ఇలా ఉంటుందా?' అని ఒకడు. కింద ఎర్రగా: 'నిజం విమానమైతే మీ చేతికి ఇస్తారా?'

'మబ్బుల్లో దూరితే శత్రువు కనబడడం లేదు. ఇది అన్యాయం.' కింద: 'మీరూ వాడికి కనబడరు కదా. చెల్లుకి చెల్లు.'

'ఎన్ని గుళ్ళు కాల్చినా అయిపోవు. అందుకే నచ్చింది. ఇంట్లో నోరెత్తే వీలు లేదు.' కింద: 'మీ ఆవిడని కూడా తీసుకురండి. టోకెను నేనిస్తా.'

ఆడేవాళ్ళకి పేర్లు పెట్టేది కూడా ఆవిడే. తుమ్ములాయన. గొడుగు మరిచిపోయే పంతులు. డేగ.

మధ్యాహ్నం దాకా పాతవాళ్ళు నలుగురైదుగురు చివరి ఆటకి వచ్చారు. తుమ్ములాయన రెండో రౌండులోనే పేలిపోయి, నవ్వుకుంటూ దిగి, పుస్తకంలో రాశాడు: 'పాతికేళ్ళ కిందటి విమానం. ఇప్పటికీ కొత్త ఆటలకన్నా ఇదే నయం. వాటిలో తెర మీద చదవడం ఎక్కువ, కాల్చుడు తక్కువ.' రాసి, కింద ఎర్ర సిరా కోసం అన్నట్టు కొంచెంసేపు చూసి, మెకానిక్ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

రెండున్నరకి మెట్ల మీద నెమ్మదిగా అడుగుల చప్పుడు. వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా, నెరిసిన జుట్టు, కాస్త వంగిన నడుము. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. ముఖం మెకానిక్ గుర్తుపట్టలేదు. ఆ మనిషి నేరుగా కాబిన్ దగ్గరికి వచ్చి, జేబులోంచి కారు తాళంచెవి తీసి, కాబిన్ నెత్తిన కుడివైపు అంచున పెట్టాడు. రేకు మీద టంగుమని మోగింది.

ఆ చప్పుడు గుర్తుపట్టాడు. ఆటకి ముందు అక్కడ తాళంచెవి పెట్టేది డేగ ఒక్కడే. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఇవాళ అమ్మేస్తున్నారని విన్నానండీ. ఉండబట్టలేక అరవై మైళ్ళు డ్రైవ్ చేసుకుంటూ వచ్చా. ఒక్క ఆట ఆడొచ్చా?"

"ఆడండి."

ఆడేవాళ్ళు లేనప్పుడల్లా వచ్చే పట్టిక అద్దం మీద మెరిసింది. డేగ నోరు తెరిచి చూశాడు.

"ఇంకా ఉందా! ఏడేళ్ళయిందే! నేను ఆ మర్నాడే బదిలీ అయి వెళ్ళిపోయా. ఈపాటికి పోయుంటుందనుకున్నా. బ్యాటరీలు మారుస్తూ మీరే కాపాడి ఉంటారు. చాలా థాంక్సండీ."

ఏడేళ్ళు కాపాడినందుకు అతనికి దక్కింది అది.

"కిటికీలో ఒకావిడ ఉండేవారు. మా రాతలకి జవాబులు రాసేవారు. భలే మనిషి. మానేశారా?"

మెకానిక్ కొక్కెం నుంచి పుస్తకం తీశాడు. వెతకాల్సిన పని లేదు. చేతులకి తెలిసిన పేజీ. తెరిచి అతని ముందు పెట్టాడు. పైన డేగ బొమ్మ, కింద గుండ్రటి అక్షరాలు: 'నా జీవితంలో బెస్ట్ గేమ్. స్టిక్ వెన్నలా కదిలింది. చివరి రౌండులో ఎవరో పక్కన నిలబడి విసిగించారు. లేకపోతే పది లక్షలు దాటేది.'

కింద జవాబు లేదు. పుస్తకం మొత్తంలో అప్పటిదాకా ఎర్ర సిరా లేని అభిప్రాయం అదొక్కటే.

"ఆ విసిగించింది నేనే" అన్నాడు మెకానిక్.

"అయ్యో, అప్పుడేదో రాశానండీ..."

"ఏమడిగానో గుర్తుందా?"

డేగ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "లేదండీ."

"కారు అడిగా. మా ఆవిడ కిటికీ వెనక పడిపోయింది. బయట కుండపోత. వంతెన మీద నీళ్ళు, అంబులెన్సు గంట పడుతుందన్నారు. కింద ఉన్నది మీ కారొక్కటే. నాకు డ్రైవింగు రాదు. రెండుసార్లు అడిగా. రెండుసార్లూ ఒక్క నిమిషం అన్నారు. నేను రోడ్డు మీదికి పరుగెత్తి, పాలవ్యాను ఆపి పైకొచ్చేసరికి మీరు వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయారు. ఇది రాసి మరీ వెళ్ళారు."

"ఆవిడ..."

"పది నిమిషాల ముందు తెస్తే బతికేదన్నాడు డాక్టరు. మీ ఆఖరి రెండు రౌండ్లూ పదకొండు నిమిషాలు."

డేగ సీటు అంచు పట్టుకున్నాడు. తప్పించుకోవడానికి కాదు, అర్థంకాక అడిగినట్టే అడిగాడు.

"ఆ చప్పుడులో నాకు వినబడి ఉండదండీ. మరి మీరు... మెకానిక్ కదా. ప్లగ్ పీకేస్తే లేచేవాణ్ణి కదండీ."

మెకానిక్ కళ్ళు కాబిన్ వెనక్కి వెళ్ళాయి. మోకాలి ఎత్తులో, గోడకి, నల్లటి ప్లగ్. ఆరోజు అతను నిలబడ్డ చోటుకి జానెడు దూరం.

పనిలో చేరిన మొదటిరోజు పాత ఓనరు చెప్పిన మాట ఒకటే. టోకెన్ పడ్డాక ఆట ఆడేవాడిది, మధ్యలో ముట్టుకున్నావో, ఆ సాయంత్రమే నిన్ను గెంటేస్తా. పదిహేనేళ్ళు ఆ మాట మీదే బతికాడు. గదికి నిప్పంటుకున్నా ఆట అయ్యేదాకా ఆగే మనిషి అని భార్య ఎగతాళి చేసేది. ఆరోజు కూడా ఆగాడు. చేతులు కట్టుకుని, తడి కళ్ళతో, వాడి ఆఖరి రౌండు ముగియబోయేదాకా ఆగాడు. అప్పుడే రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఈ సంగతి ఏడేళ్ళలో ఎవరూ అనలేదు. తనకి తను కూడా అనుకోనివ్వలేదు. చివరికి వీడి నోటినుంచి వినాల్సి వచ్చింది.

"కూర్చోండి" అన్నాడు.

"వద్దండీ, నేను వెళ్తా."

"ఆడటానికే కదా అరవై మైళ్ళు వచ్చారు. కూర్చోండి."

గొంతు పెంచలేదు. కానీ డేగ కూర్చున్నాడు. మెకానిక్ తన జేబులో టోకెన్ తీసి వేశాడు. ఏడేళ్ళలో మొదటిసారి, ఒకే రోజు రెండో టోకెన్.

మొదటి రెండు రౌండ్లూ డేగ గురి తప్పుతూనే ఉంది. మూడో రౌండు కొండల సందులోకి వచ్చేసరికి గురి కుదిరింది. నాలుగో రౌండుకి వీపు నిటారుగా లేచింది. మెకానిక్ వెనక నిలబడి చూశాడు. వాడికి పని వచ్చు, అది ఒప్పుకోవాల్సిందే. వెనక వచ్చే విమానాన్ని చూడకుండానే పసిగడతాడు. ఓడ మునిగింది. ఆరు లక్షలు. ఎనిమిది. సముద్రం వచ్చింది. ఏడో రౌండు. తొమ్మిది లక్షల నలభై వేలు దాటింది. డేగ మెడ మీద చెమట మెరిసింది. గదీ, పుస్తకమూ, ఎవరి భార్యకో ఏదో అయిందన్న మాటా, అన్నీ ఆ వీపు మీంచి జారిపోవడం మెకానిక్ కళ్ళారా చూశాడు.

వంగి, చెవి దగ్గర, ఆ మాటలే అన్నాడు.

"అయ్యా, మా ఆవిడ పడిపోయింది. కారు ఒక్కసారి తీస్తారా?"

"ఒక్క నిమిషం" అన్నాడు డేగ.

మెకానిక్ ప్లగ్ పీకాడు.

సముద్రం, విమానాలు, అంకెలు, మోత, అన్నీ ఒక్కసారిగా పోయాయి. నల్లటి అద్దంలో రెండు ముఖాలు మిగిలాయి. డేగ చెయ్యి ఇంకా స్టిక్ మీదే ఉంది. తన నోట్లోంచి వచ్చిన మాట అతని చెవికి చేరడానికి కొంచెం సమయం పట్టింది. చేరాక, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"నేను... అది అలవాటులో..."

"లే" అన్నాడు మెకానిక్.

లేచాడు. క్షమించమనడానికి నోరు తెరిచాడు. ఎదుటివాడి ముఖంలో ఆ మాట దిగే చోటు ఎక్కడా కనబడలేదు. మెట్ల వైపు నడిచాడు. ఈసారి ముందు మెట్లే.

మెకానిక్ కిటికీలోంచి చూశాడు. డేగ రోడ్డు మీదికి వచ్చి, తన కారు పక్కనుంచే, దాన్ని చూడకుండా, స్టేషన్ వైపు నడిచిపోయాడు. జనంలో నెరిసిన తల కొంతదూరం కనబడింది. తరవాత లేదు. అప్పటిదాకా పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు. మెకానిక్ పిలవలేదు.

వెనక మూత విప్పి బ్యాటరీ తీశాడు. డేగ పోయింది. దానితోపాటు తన తొమ్మిది లక్షల డెబ్భై మూడు వేలూ పోయాయి. తరవాత ఆ పేజీ మళ్ళీ తెరిచి, పనిముట్ల పెట్టెలో ఏడేళ్ళుగా పడి ఉన్న ఎర్ర పెన్ను తీశాడు. సిరా గడ్డకట్టింది. నోటి ఆవిరి పట్టి, పుస్తకం అట్ట మీద గీకి గీకి, చిన్నప్పటి బడి అక్షరాలతో ఖాళీ చోట రాశాడు: 'ప్లగ్ పీకాను.' కాసేపు చూసి, కింద ఇంకో మాట చేర్చాడు: 'ఆలస్యంగా.'

నాలుగింటికి వ్యాన్ వచ్చింది. నలుగురు మనుషులు కాబిన్‌ని వాలుగా పట్టుకుని మెట్లు దింపారు. గచ్చు మీద పన్నెండో చతురస్రం బయటపడింది. మెకానిక్ పుస్తకం చంకలో పెట్టుకుని, గది తాళాలు టీ కొట్లో ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎత్తేముందు కూలీ ఒకడు కాబిన్ నెత్తి మీద చెయ్యి తడిమి, తగిలిన వస్తువుని తీసి పక్కకి పెట్టాడు. చెక్క కొట్టిన కిటికీ ముందు, టోకెన్లు జరిపి జరిపి అరిగి గుంటపడ్డ బల్ల మీద, కారు తాళంచెవి పడి ఉంది.