అమ్మోనియా లెక్క

కోరుట్ల కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడిగి సర్దేది నేనే. ఆ రోజు మా సరిత అక్కడే ప్రాక్టికల్ పరీక్ష రాస్తోంది. పోయినసారి తప్పింది. ఈసారి పాసైతేనే సిరిసిల్లలో నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. నేను సెలవు అడిగితే పరీక్ష పెట్టే జితేందర్ సారు ఇవ్వలేదు.

"నువ్వు లేకుంటే సామాను ఎవలు అందిస్తరు గౌరవ్వా? నీ బిడ్డ దిక్కు మాత్రం పోకు."

పోకుండా ఎలా ఉంటాను? నీళ్ల డబ్బాతో రెండుసార్లు, గుడ్డతో ఒకసారి దాని బల్ల పక్కగా వెళ్లాను. అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ కలిపిన ద్రావణం పీహెచ్ ఎంతో లెక్కకట్టాలి. కాగితం మీద చివరి అంకె 4.44. చుట్టూ గీత గీసి, సరిత పెన్ను మూత పెట్టేసింది.

ఆ లెక్కలు నాకు రావు. కానీ అంకె ఏడుకు తక్కువైతే ఆమ్లాల అర, ఎక్కువైతే క్షారాల అర. అమ్మోనియాది నాలుగు ఎలా అవుతుంది?

బయటికి వెళ్లాను, మళ్లీ వచ్చాను. ఇంకా పది నిమిషాలే. చెబితే తప్పు. చెప్పకపోతే ఇంకో ఏడాది. అమ్మోనియా సీసా తీసుకెళ్లి క్షారాల అరలో టక్కున పెట్టాను. సరిత తలెత్తింది. అర చూసింది, నన్ను చూసింది. పెన్ను మూత తీసి, పద్నాలుగులోంచి 4.44 తీసేసి 9.56 వేసింది.

అయినా, తప్పు చేశానని నా కాలు ఒకచోట నిలవలేదు. సారు దగ్గరికే వెళ్లాను.

"సారూ, సరితకు నేనే సైగ జేసిన."

"ఏం సైగ?"

చెప్పాను. సారు నవ్వలేదు. "పదేండ్ల సంది సీసలు సర్దుతున్నవ్. ఇయ్యాల్నే సప్పుడు చెయ్యాల్నా?" సరిత కాగితం మీద ఆ లెక్క కొట్టేసి, క్లోరైడు అమ్మోనియాకు రెండింతలుండేలా కొత్త లెక్క ఇచ్చారు. "నువ్వు బయటికి నడువ్."

"నీకేం పుట్టిందే అమ్మా!" సరిత పళ్లు కొరికింది.

వరండాలో చెప్పులు వేసుకున్నాను, విప్పాను. కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాను. చివరికి సరిత వచ్చింది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"ఎనిమిది పాయింట్ తొంభై ఆరు. సారు టిక్కు పెట్టిండు. నువ్వు సప్పుడు జెయ్యకున్నా నేను ఇంకోపారి సూసుకుందును."

"సూసుకుందువా?"

"ఏమో," అంది.

ఇంటికి పోయే జగిత్యాల బస్సు వైపు వడివడిగా నడిచింది. నేను నాలుగడుగుల వెనక నడిచాను.