నొప్పి లేదన్నవాడు

ఇరవై రెండో నంబరు మనిషి బయటికి రాగానే స్కానింగు గది తలుపు మూసేశారు. ఇరవై మూడో నంబరు దర్జీది. ఈ తేదీ కోసం అతను ఏడు నెలలు ఆగాడు. పొద్దున ఐదింటి నుంచి భార్యతో కలిసి ఆ గది బయటి బెంచీ మీదే కూర్చున్నాడు.

మిషను వేడెక్కింది, ఈరోజుకింతేనని గుమాస్తా కిటికీలోంచి చెప్పాడు. ఈ ఆసుపత్రిలో ఎవరూ పైసా కట్టక్కర్లేదు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే వరుస. మంచి మాటే, కాదనేవాళ్లెవరు? తన కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ దర్జీ ఆ మాట గొప్పగా చెప్పేవాడు. కానీ ఊరంతటికీ ఉన్నది ఒక్క మిషను. పోనీ బయట తీయించుకుందామా అంటే, బయటి స్కాను ఇక్కడి డాక్టర్లు చూడరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

అసలు తప్పు మొదటిరోజే జరిగింది. గొంతులో గడ్డ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, నొప్పి ఎంతుందని నర్సు అడిగింది. ముప్పై ఏళ్లుగా గిరాకీలతో "మీ ఇష్టమండీ, పర్లేదండీ" అని అలవాటైన నోరు అతనిది. పైగా వెనకాల ఒక తల్లి, ఒళ్లు కాలిపోతున్న పసిపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది.

"నొప్పేం లేదమ్మా, ముందు వాళ్లని చూడండి" అన్నాడు.

నర్సు మొదటి సగమే రాసుకుంది. అతని కాగితం తొందర లేనివాళ్ల కట్టలోకి పోయింది. నాలుగో నెలకు ముద్ద దిగడం మానేసింది. ఐదో నెలకు మాట పోయింది. కట్ట మార్చమని భార్య మూడుసార్లు తిరిగింది. మార్చాలంటే పెద్ద డాక్టరు చూడాలన్నారు, ఆయన చూడాలంటే స్కాను ఉండాలన్నారు.

ఇప్పుడు గుమాస్తా మిగిలిన ఆరుగురికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. సొంత పనుల వల్ల ఈరోజు రాలేకపోయాను, మరో తేదీ ఇప్పించండి, అని అందులో అచ్చేసి ఉంది. ఏడు నెలలు దాటి ఎవరైనా ఆగితే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. మనిషే రాలేదంటే లెక్క మళ్లీ మొదటి నెల నుంచి మొదలవుతుంది. సంతకం పెడితే ఇంకో ఏడు నెలలు, పెట్టకపోతే ఆ తేదీ కూడా లేదు. వెనకున్న ఇద్దరు ముందుకొచ్చి, ఎందుకొచ్చిన గొడవలెమ్మని పెట్టేశారు.

దర్జీ భార్య కిటికీ ఊచ పట్టుకుంది.

"ఏడు నెలలు ఈయన ఆగుతాడు బాబూ, ఆగడం ఈయనకి అలవాటే. ఆ గడ్డ ఆగుతుందా?"

గుమాస్తా చెడ్డవాడు కాడు. అందుకే తలెత్తలేకపోయాడు.

"నా చేతుల్లో ఏముందమ్మా, అందరికీ ఇదే రూలు. పెద్దాయనా, ఇక్కడ పెట్టండి" అన్నాడు.

దర్జీ కలం అందుకుని, కాగితం మొత్తం చదివి, కలం కింద పెట్టేశాడు. చొక్కా జేబులోంచి బట్ట మీద గీతలు గీసే సుద్దబిళ్ల తీశాడు. కిటికీ ముందున్న నల్లటి చెక్క మీద, కొలతలు రాసినంత శ్రద్ధగా రాశాడు: వచ్చాను. నొప్పి ఉంది.

గుమాస్తా గుడ్డతో తుడిచేశాడు. దర్జీ మళ్లీ రాశాడు, ఈసారి పెద్ద అక్షరాలతో. గుమాస్తా దాన్నీ తుడిచి, కాపలావాణ్ణి పిలిచాడు. వరుసలో మిగిలిన ముగ్గురూ కలం జోలికి పోలేదు. అలాగని ముందుకూ రాలేదు.

నడవా చివర బూట్ల చప్పుడు మొదలైంది. సుద్దబిళ్ల గోరంత మిగిలింది. దర్జీ మూడోసారి చెక్క మీదికి వంగాడు.