వినపడేంత దూరంలో

"ఆ టైంలో ఇంట్లో ఇంకెవరూ లేరండీ" అని మా ఆయన కోర్టులో జడ్జిగారితో చెప్పినప్పుడు నేను వెనక బెంచీలో కూర్చుని ఆయన చొక్కా కాలరు చూసుకుంటున్నాను. తెల్లారగట్ల లేచి ఇస్త్రీ చేసినా ఒక మడత ఉండిపోయింది. ఎవరైనా చూస్తే నన్నే అంటారని బెంగపడ్డాను. ఆయన అన్న మాట మాత్రం అప్పుడు నాకు గుచ్చుకోలేదు. ఇంట్లో లెక్కకి రాకపోవడం అలవాటైపోయినదాన్ని, కోర్టులో కొత్తగా పోయిందేముంది?

ఆ మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. దిబ్బరొట్టె కాలుస్తున్నాను. సన్నసెగ మీద అరగంట దానికి కాపలా కాయాలి. వసారాలో ముగ్గురు కూర్చున్నారు. మా బావగారు అచ్చిబాబు, మా ఆయన శివరామకృష్ణ, మా రొయ్యల చెరువుల మీద పనిచేసే గణేష్‌బాబు. చెరువుల ఉప్పునీళ్ళు పొలాలకి నీళ్ళు పారే పంటబోదెలోకి వదిలేస్తున్నారని, వరి ఎర్రబడిపోతోందని పక్క చేను సత్యప్రసాద్ గారు పైఅధికారులకి అర్జీ పెట్టారు. చెరువులు మూయించేదాకా ఊరుకోనన్నారు. ఆ కోపం వారం రోజులుగా మా ఇంట్లో అన్నంతో పాటు ఉడుకుతోంది.

పాలు పోసే సుబ్బాయమ్మ గేటు తీస్తే బావగారు మాట ఆపేశారు. ఆవిడ వెళ్ళేదాకా ముగ్గురూ వానల గురించి మాట్లాడుకున్నారు. నేను రొట్టె ముక్కలూ పానకమూ పట్టుకుని నాలుగుసార్లు వాళ్ళ మధ్యకి వెళ్ళొచ్చాను. ఒక్కసారి కూడా ఎవరి గొంతూ తగ్గలేదు. "పొద్దున్నే తూము దగ్గరికి ఒక్కడే వస్తాడు. గణేషూ, నువ్వు గట్టు కింద ఉండు. తమ్ముడూ, నువ్వు రోడ్డు మీంచి ఎవరూ రాకుండా చూసుకో. ఇంక వాడు లేవకూడదు" అన్నారు బావగారు. మా ఆయన తలూపారు. నా వైపు చూడకుండానే కంచం జరిపి, "కరకరలాడే అంచు ముక్క ఇంకోటి వెయ్యి" అన్నారు. వేశాను.

కాళ్ళు విరగ్గొట్టి మంచాన పడేస్తారనుకున్నాను. అలా అనుకుంటే చెయ్యి ఆడుతుంది, వంట అవుతుంది, అందుకే అనుకున్నాను. మర్నాడు ఎనిమిది గంటలకి తూము దగ్గర్నుంచి ప్రసన్నకుమారి గారి ఏడుపు మా దొడ్లోకి వినపడింది. సత్యప్రసాద్ గారి భార్య ఆవిడ. అప్పటిదాకా మా కరివేపాకు ఆవిడకీ, ఆవిడ ములక్కాడలు నాకూ. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురొస్తే నేను బోదె దాటి అవతలి గట్టు మీంచి పోతున్నాను. పోలీసులొచ్చినప్పుడు మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు, "ఆడాళ్ళకేం తెలుస్తాయండీ" అన్నారు. ఎస్సైగారు అవునన్నట్టు నేనిచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు.

ముగ్గురికీ యావజ్జీవం పడింది. మూడేళ్ళుగా పదిహేను రోజులకోసారి బస్సెక్కి రాజమండ్రి జైలుకి వెళ్తున్నాను. "అమ్మ మోకాలు ఎలా ఉంది? చెరువుకి మేత సరిగ్గా వేయిస్తున్నావా?" అని అడుగుతారు మా ఆయన. చెప్తాను. టైం అయిపోతుంది. వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈసారైనా నువ్వెలా ఉన్నావని అడుగుతారనుకున్నానా లేదా అని నన్ను నేనే అడుగుతాను. అనుకుంటూనే ఉన్నాను. సిగ్గులేకుండా ప్రతిసారీ అనుకుంటూనే ఉన్నాను.

హైకోర్టులో అప్పీలు విచారణకి వస్తోందని మా లాయరు కుక్కుటేశ్వరరావు గారు నిన్న నన్నూ అత్తగారినీ ఆఫీసుకి పిలిచారు. కాగితాలు ముందే టైపు చేయించి ఉంచారు.

"చూడండమ్మా, కొట్టింది గణేష్‌బాబు. మీ ఆయనా బావగారూ చెయ్యి చేసుకోలేదు. వాళ్ళని లోపల ఉంచింది కుట్ర ఒక్కటే. సాక్ష్యం చెప్పినవాడు ఆ టైంలో తాడిచెట్టు మీద కల్లు గీస్తున్నాడు, వాడికి మీ వసారాలో ముగ్గురూ కూర్చున్నట్టు కనపడింది గానీ ఏం వినపడలేదు. రొయ్యల మేత గురించే మాట్లాడుకున్నారని మీరు అఫిడవిట్ ఇస్తే, అదనపు సాక్ష్యంగా తీసుకోమని కోర్టుని అడుగుదాం."

"ఇంట్లో ఎవరూ లేరని ఆయనే చెప్పారు కదండీ."

"ఆడవాళ్ళని లెక్కేసుకోలేదని రాశాంలెండి" అని నవ్వారు.

అత్తగారు పెన్ను నా చేతిలో పెట్టారు. "సంతకమేగా, సూర్యకళా. పద్నాలుగేళ్ళు అన్నం పెట్టిన ఇల్లు."

ఆ పద్నాలుగేళ్ళూ ఆ ఇంట్లో అన్నం పెట్టిందెవరో అడగబుద్ధయింది. కానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. ఇద్దరు కొడుకులు జైల్లో ఉన్న తల్లి. ఆవిడ మీద జాలి లేదంటే అబద్ధం. నాకు భయం కూడా వేసింది. సంతకం పెట్టకపోతే రాత్రికి ఎక్కడ పడుకోవాలో నాకు తెలియదు. పెడితే, బోదె అవతలి గట్టు మీద నడిచేదాన్ని ఇక ఎప్పటికీ ఇవతలికి రాలేనని మాత్రం తెలుసు.

పెన్ను బల్ల మీద పెట్టేశాను. "మేత గురించి కాదండీ వాళ్ళు మాట్లాడుకుంది. నేను విన్నాను. విన్నది జడ్జిగారికి చెప్తాను."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. లాయరుగారు లేచి తలుపు వేసొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "భర్త భార్యతో చెప్పుకున్న మాట కోర్టులో బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదమ్మా. మీ ఆయన మీతో ఏం చెప్పినా అది మీ ఇద్దరి మధ్యే ఉండాలి."

"పద్నాలుగేళ్ళలో ఆయన నాతో ఏమీ చెప్పలేదండీ" అన్నాను. "వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. మరి అది చెప్పడానికి నాకు అడ్డేం లేదు కదండీ?"