గాజులమ్మ రాని సీమంతం

నేను ఒక గాజుల మలారాన్ని. నన్ను భుజాన మోసే సైదమ్మకి అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. తన చేతి మీదుగా ఎవరి బిడ్డకైనా కీడు జరుగుతుందేమోనని భయం. పాముకి జంకదు, మొగుడికి జంకదు, ఊరి పెద్దలకి అసలే జంకదు. ఆ ఒక్క తలపు వస్తే మాత్రం తాగుతున్న నీళ్ళు కూడా గొంతు దిగవు.

మలారం అంటే ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. లావుపాటి బారెడు తాడు, అంతే నేను. నా ఒంటికి డజన్లకు డజన్లు గాజులు గుచ్చి, కొసలు ముడివేసి, భుజానికి తగిలించుకుంటారు. అడుగు పడితే గలగలమంటాను. ఆ చప్పుడుకి ఆడవాళ్ళు పొయ్యి మీద కూర వదిలేసి వాకిట్లోకి వస్తారు. మగవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి పోతారు.

నన్ను పేనింది దూదేకుల హుసేను సాయిబు. పల్నాడు పల్లెల్లో పరుపులు కుట్టగా మిగిలిన దూదిని వడికి, ఏడు పేటలు కలిపి పేని, భార్య జాన్‌బీ భుజాన వేశాడు. జాన్‌బీ తర్వాత ఆమె కోడలు మీరాబీ. మీరాబీకి మోకాళ్ళు పట్టేశాక ఆమె కోడలు సైదమ్మ. మూడు భుజాలు మారాను. రంగు మారింది గానీ ఒక్క పేట తెగలేదు.

మనుషుల గురించి నాకు తెలిసినంత పూజారికి తెలియదు, పోలీసుకి తెలియదు. చెయ్యి పట్టుకున్న మనిషికి ఆడది అబద్ధం చెప్పలేదు. మొగుడు కొట్టిన సంగతి, నెల తప్పిన సంగతి, చదువు మానిపించిన సంగతి అన్నీ గాజు వేళ్ళ కణుపు దాటే లోపల బయటికి వచ్చేస్తాయి. కణుపు దాటేటప్పుడు నొప్పి పుడుతుంది మరి. గాజు దిగగానే మావాళ్ళు ఆ చేతిని మొహం దగ్గరికి తీసుకుని ‘ఉఫ్’ అని ఊదుతారు. జాన్‌బీ ఊదింది, మీరాబీ ఊదింది, సైదమ్మా ఊదుతుంది. ఊదకపోతే గాజు వేసినట్టే కాదు మా ఊళ్ళో.

దీనికి తోడు మీరాబీ ఒక మాట పుట్టించింది. “మా ఇంటి చెయ్యి పడ్డ కడుపు ఏదీ వమ్ము కాలేదమ్మా” అని ప్రతి సీమంతంలోనూ అనేది. విన్నవాళ్ళు నమ్మారు. అనగా అనగా మీరాబీ కూడా నమ్మింది. నమ్మని దాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళినదాన్ని కదా. మంచి జరిగిన ఇంట్లో మా చెయ్యిని తలుచుకున్నారు, చెడు జరిగిన ఇంట్లో తలరాతను తిట్టుకున్నారు. మనుషుల నమ్మకాలు ఇలాగే బతుకుతాయి.

మహమ్మారి వచ్చిన మొదటి ఏడాది నేను గోడ మేకుకే వేలాడాను. రెండో ఏడు ఎండాకాలానికి జనం విసిగిపోయారు. ముహూర్తాలు పెట్టేసుకున్నారు. జబ్బు మాత్రం విసిగిపోలేదు. అదిగో, అప్పుడు వచ్చింది రాఘవమ్మ కోడలు హైమ సీమంతం.

హైమకి ఇంతకుముందు రెండు కడుపులు నాలుగో నెల దాటలేదు. ఇది మూడోది, ఏడో నెల నడుస్తోంది. శుక్రవారం ముహూర్తం. అది దాటితే మూఢం. మిరప చేలు కౌలుకిచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చోగల రాఘవమ్మ, నెల ముందే తానుగా మా గడపకి వచ్చి చెప్పి వెళ్ళింది. “ఎవురొచ్చినా రాకపోయినా నువ్వు రావాల సైదా” అంది.

బుధవారం పొద్దున సైదమ్మకి గొంతులో గరగర. మధ్యాహ్నానికి ముక్కు కారింది. ఆర్‌ఎంపీ సీనయ్య గుమ్మం బయట నుంచే చూసి, జలుబేనని రెండు మాత్రలు విసిరాడు. సైదమ్మ ఊరుకోలేదు. ఆటో ఎక్కకుండా రెండు మైళ్ళు నడిచి సర్కారు ఆసుపత్రిలో ముక్కులో పుల్ల పెట్టించుకుని వచ్చింది. ఫలితం రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. సీమంతం ఎల్లుండి.

ఆ రెండు రోజులూ ఆమె పడ్డ యాతన చూడాలి. నుదురు ముట్టుకుంటుంది, వెచ్చగా అనిపిస్తుంది. పొయ్యి దగ్గర ఉన్నాను కదా అనుకుంటుంది. పెరట్లోకి వెళ్ళి నీడన నిలబడి మళ్ళీ ముట్టుకుంటుంది. కొబ్బరి నూనె సీసా మూత తీసి వాసన చూస్తుంది. వాసన తెలుస్తోంది, అయితే ఇది ఆ జబ్బు కాదు. అరగంట తర్వాత మళ్ళీ మూత తీస్తుంది. ఆమె ఏడో తరగతి దాకానే చదివింది. ఎనిమిదిలో చేరాల్సిన నెలలో తల్లి మంచాన పడితే బడి ఆగిపోయింది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతుంది గానీ చదివింది మరిచిపోదు. ఆశా కార్యకర్త ఇచ్చిన కాగితంలో ‘స్వల్ప లక్షణాలు ఉన్నా ఇంట్లోనే ఉండండి’ అన్న వరుస దగ్గర ఆ వేలు ఆగి, అక్కణ్ణించి కదల్లేదు.

మీరాబీకి ఈ వాలకం నచ్చలేదు.

“ముక్కు కారితే మంచమెక్కుతారంటే? నేను నూట రెండు జెరంతో కారెంపూడి తిరనాళ్ళలో పొద్దుగూకులూ గాజులేశా. నీకు తొంభై తొమ్మిదికే గుండె జారిందేంది?”

“అప్పుడు మీ జెరం మీతోనే ఉండింది అత్తా. ఇది పక్కోళ్ళ మీదికి దూకుద్ది.”

“పిలిచిన సీమంతానికి పోకపోతే మలారానికి మచ్చ.”

మచ్చట! నా తరఫున మాట్లాడే ముందు నన్ను ఎవరూ అడగరు.

శుక్రవారం తెల్లవారింది. సైదమ్మ ఒళ్ళు చల్లగానే ఉంది, లేదా మాత్ర వేసుకోవడం వల్ల చల్లబడింది. తల దువ్వుకుంది. మాస్కు మీద మాస్కు పెట్టుకుంది. నన్ను మేకు మీద నుంచి తీసి భుజాన వేసుకుంది.

ఆమె కూతురు గౌసియాకి మూడేళ్ళు నిండలేదు. అమ్మ బయల్దేరుతుంటే ఆటకి వచ్చిందనుకుంది. రబ్బరు బ్యాండు ఒకటి పట్టుకుని గడప మీద చతికిలబడి, అమ్మ చెయ్యి లాగి, “వదులుగా పెట్టమ్మా, బిగబట్టకు” అని పెద్ద గాజులమ్మలా కసిరింది. బ్యాండుని వేళ్ళ మీదుగా తోసింది. తర్వాత ఆ చేతిని మూతి దగ్గరికి లాక్కుని బుగ్గలు పూరించి, “ఉఫ్! ఉఫ్!” అని ఊదింది. ఎంగిలి తుంపరలు సైదమ్మ చేతి మీద చల్లగా పడ్డాయి.

సైదమ్మ తన చేతి వంక చూస్తూ ఉండిపోయింది.

పోయిన నెల ఒక పెళ్ళికూతురికి గాజులు వేస్తూ తాను మాస్కు గడ్డం కిందికి లాగి మరీ ఊదిన సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. నాకు గుర్తుంది, నేను ఒళ్ళోనే ఉన్నాను. లాగినట్టు ఆమెకే తెలియదు. చేతికి అలవాటైన పనిని బుద్ధి ఆపలేదు. గబగబా బిడ్డ మొహం తుడిచి, దాన్ని దూరంగా జరిపి, నన్ను తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. తలుపు మూసి గడియ పెట్టింది. ఆ గడియ పడిన చప్పుడు నాకు నచ్చింది.

రాఘవమ్మకి ఫోన్ చేసి చెప్పింది, “పెద్దమ్మా, నేను రాలేను. జలుబు, ఒళ్ళు వెచ్చబడతా ఉంది.”

“జలుబుకి సీమంతం ఆపుతారంటే? మాస్కెట్టుకుని దూరంగా కూచో.”

“దూరంగా కూచుంటే గాజులెట్టా ఎక్కుతయ్యి పెద్దమ్మా?”

“ఏడో తరగతి చదివి డాక్టరమ్మవయ్యావా? సీనయ్యే జలుబన్నాడంటగా!”

“అయితే సీనయ్యనే పిలవండి. గాజులేసి పోతాడు.”

అవతల ఫోన్ పెట్టేశారు. మీరాబీ గోడకి తల కొట్టుకుంది, మెల్లగానే.

పది గంటలకి మా వీధిలో సందడి వినిపించింది. పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకుని నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు రాఘవమ్మ, మధ్యలో పట్టుచీరలో ఆయాసపడుతూ హైమ. గాజులమ్మ రాకపోతే సీమంతమే గాజులమ్మ గడపకి వచ్చింది.

“సైదా! తలుపు తియ్యి. ఏడో నెల పిల్లని ఎండన పడి తీసుకొచ్చా. ఇంకేం కావాలే నీకు?”

సైదమ్మ కిటికీ రెక్క జానెడు తెరిచి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. “నాలుగడుగులు ఎనక్కి జరగండి పెద్దమ్మా, అప్పుడు మాట్లాడతా.”

“గాజులమ్ముకునే దానికి ఎంత పొగరో చూడండమ్మా!” అందొక పళ్ళెం ఆవిడ.

“పొగరేలే పిన్నీ. జెరం తగ్గాక దిగుద్ది.”

హైమ నవ్వబోయి అత్తని చూసి ఆపుకుంది. రాఘవమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కిటికీ వైపు చెయ్యి చాచింది. “రెండు పోయినయ్యే సైదా. నీకు తెలవందేముంది? మీ చెయ్యి పడ్డ కడుపు వమ్ము కాదని మీ అత్తేగా అనేది. ఆ ఒక్క చెయ్యి అడుగుతుంటే లేదంటావేందే తల్లీ!”

ఇంట్లో మీరాబీ తల దించుకుంది. ఊరంతా నమ్మిన మాటని ఒక్క దగ్గుతో దాటేయొచ్చు. కానీ సైదమ్మ దాటెయ్యలేదు.

“ఆ మాట గిరాకీ కోసం పుట్టింది పెద్దమ్మా. మా చెయ్యి పడ్డ ఇళ్ళల్లోనూ పోయినయ్యి. గౌసియాకి ముందు నాకొకటి పోయింది. అప్పుడు నా చేతులకి నేనే వేసుకున్నా గాజులు. మా చెయ్యి బిడ్డని నిలబెట్టలేదు. చెరుపు మాత్రం చెయ్యగలదు, ఇయ్యాల. నన్ను తిట్టండి, మళ్ళీ పిలవబాకండి, మలారం తీసుకెళ్ళి ఏట్లో పారేసుకోమనండి. తలుపు మాత్రం తియ్యను.”

మీరాబీ కోడలి వంక చూసింది. ఈసారి గోడకి తల కొట్టుకోలేదు.

చివరికి హైమ అంది, “సైదక్కా, మరి నన్ను వొట్టి చేతులతో పొమ్మంటావా?”

“ఎందుకు పోతావమ్మీ? అరుగు మీద గాజుల పెట్టె ఉంది చూడు. పోయిన ఆదివారం ఆటో అతను దించి పోయినకాణ్ణించి నేను ముట్టలేదు. తాళ్ళు కోసి, ఆకుపచ్చయ్యి తీసుకో. నీ చేతికి నువ్వే వేసుకో. నేను చెప్తా.”

సీమంతం పిల్ల తన గాజులు తానే వేసుకోవడం మూడు తరాల్లో నేను చూడలేదు. పళ్ళెం ఆవిడ “అపశకునం!” అని ముక్కు మీద వేలేసుకుంది. హైమ అప్పటికే మా అరుగు మీద కూర్చుని తాళ్ళు కోస్తోంది.

“బొటనవేలు లోపలికి మడువు. ఊపిరి వొదులు. గుంజబాక, తిప్పుతా తొయ్యి.” ఎడమ చేతికి గాజులు దిగాయి. కుడి చేతి దగ్గర తిరకాసు వచ్చింది. ఎడమ చేత్తో తోస్తుంటే కణుపు దగ్గర గాజు ఇరుక్కుని టక్కున పగిలింది. అందరూ ఒక్కసారి హమ్మని నోళ్ళు నొక్కుకున్నారు. హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“గాజన్నాక పగలదా? నేను రోజుకి నాలుగు పగలగొడతా,” అని లోపల నుంచి కేకేసింది సైదమ్మ. “చెయ్యి కోసుకుందేమో చూడు. లేదుగా? ఇంకోటి తియ్యి. పెద్దమ్మా, చూస్తా నిలబడ్డారేంది, కూచోండి! కోడలి నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి పట్టండి.”

రాఘవమ్మ జీవితంలో ఎవరూ ఆమెని అలా గదమాయించి ఉండరు. పట్టుచీరతోనే అరుగు మీద చతికిలబడింది. కోడలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆ చెయ్యి పట్టుకోవడం ఆమెకి అదే మొదలేమో, ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడబడింది. తర్వాత నొక్కింది, తిప్పింది, తోసింది. గాజు దిగింది. ఇంకొకటి. ఇంకొకటి. కిటికీ వెనక సైదమ్మ వేళ్ళు చువ్వలని పట్టుకుని వాటంతటవే మెదులుతున్నాయి.

నేను గోడకి వేలాడుతూనే ఉన్నాను. ఒక్క గాజూ అమ్మకుండా నేను గర్వపడిన రోజు అదొక్కటే.

ఆదివారం సైదమ్మ ఫోన్‌కి ఇంగ్లీషులో కబురొచ్చింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఉంది, ఆ జబ్బే. ఆమె ఏడవలేదు. “శుక్రవారం పోయుంటే?” అని మీరాబీని ఒక్కమాట అడిగింది, అంతే. హైమని అప్పటికే పుట్టింటికి తీసుకెళ్ళారు. ఈ పూట వరకూ ఆ పిల్లకి ఏమీ లేదట.

ఊళ్ళో ఇప్పుడు సైదమ్మని పొగరుబోతు అనేవాళ్ళు లేరు. అసలు ఆమె పేరెత్తేవాళ్ళే లేరు. మీ దగ్గరికి రానని ఆమె అంటే, మేమూ రామని జనం అర్థం చేసుకున్నారు. వీధి అవతలి పక్క నుంచి నడుస్తున్నారు. ఆశా కార్యకర్త ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది, ఆమెకి ఇంకా నలభై ఇళ్ళున్నాయి. సైదమ్మ మొగుడు లారీతో నాగపూర్ దగ్గర ఉన్నాడు. మొన్నటి నుంచి మీరాబీ దగ్గుతోంది. ఆమెకి షుగరు. వెనక గదిలో ఒంటరిగా పడుకుంటోంది. కోడలు అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టి, బిడ్డని తన దగ్గరికీ ఆమె దగ్గరికీ రానివ్వకుండా నడవాలో కూర్చోబెట్టి, రోజంతా మూడు దిక్కులా చెవులు పెట్టుకుని ఉంటోంది. ఇంట్లో ఉండిపోవడం అంటే ఏమీ చెయ్యకపోవడం అనుకునేవాళ్ళు ఒకసారి ఆ నడవా చూడాలి.

మీరు అటుగా వెళితే, వీధిలో నిలబడే, “మీరాబీ, తిన్నావా?” అని గట్టిగా కేకెయ్యండి. ఆమె మిమ్మల్ని తిడుతుంది. ఇప్పుడా గుర్తొచ్చామని, మీ వంశం మొత్తాన్ని కలిపి తిడుతుంది. తిట్టిందంటే బాగున్నట్టే, సంతోషంగా వెళ్ళిపోండి. తిట్టు వినపడకపోతే మాత్రం అక్కణ్ణించి కదలకండి. నూట ఎనిమిదికి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా సైదమ్మని పేరు పెట్టి పిలుస్తూనే ఉండండి.