మొదటి గ్లాసు ఎవరిది

మా కూల్‌డ్రింకు షాపులో షట్టరెత్తడం, దించడం, నేలూడ్చి రంగు డ్రింకుల మిషను తుడవడం నా పనులు. రాత్రంతా మిషను కుళాయిలో నిలిచి, పొద్దున మొదటి గ్లాసులో పడే డ్రింకులో గ్యాసుండదు. అమ్మితే జనం మొహాన కొడతారు. "పారబొయ్యకు, పంచదార పోసి చేసింది. నువ్వు తాగెయ్," అన్నారు పెళ్ళైన కొత్తలో మా అత్తగారు. మాడిన అడుగన్నం నాదే, విరిగిన బిస్కట్టు నాదే. మొదటి గ్లాసూ నాదే అయింది.

నాకు భయమెక్కువ. అమ్మాయి ఫోనెత్తకపోతే చాలు, మనసులోనే ఆసుపత్రి మెట్లెక్కేస్తాను. అది ల్యాబులో చేరినప్పుడు ఒంటి మీద యాసిడ్ పడుతుందని ఏడ్చాను. "మీ అమ్మకు తన నీడైనా దెయ్యమే," అని నవ్వేవారు మా ఆయన. అలాంటి దాని కడుపున పుట్టిన పిల్ల, ఇప్పుడు కూల్‌డ్రింకుల్లో సీసం లాంటి విషపు లోహాలున్నాయేమో తేల్చే మనిషి. దాని సంతకం లేనిదే ఆ ల్యాబులో రిపోర్టు కదలదు. అది తలుచుకుంటే గిన్నెలు తోముతున్నదాన్ని కూడా నడుం నిటారుగా చేసుకుంటాను.

పోయిన వారం మా షాపు డ్రింకు కూడా రెండు సీసాల్లో పట్టుకెళ్ళింది. "అందరూ తాగేదే కాదు, నువ్వు తాగేది కూడా కావాలమ్మా," అంది.

నిన్న సాయంత్రం వచ్చి నిలబడే చెప్పింది. "రెండోది బాగానే ఉంది నాన్నా. మొదటి గ్లాసులో సీసం హద్దు దాటింది. ఆ పాత ఇత్తడి కుళాయిలోంచే దిగుతోంది. పుల్లటి డ్రింకు రాత్రంతా అందులో నిలుస్తోంది కదా."

"ఇంటి గుట్టు వీధికెక్కిస్తావా? సీజను అయ్యాక కుళాయి మారుద్దాంలే. అయినా మొదటిది ఎవరికీ పొయ్యం కదే!"

"మరి ఎవరు తాగుతున్నారు?"

దానికి తెలియక కాదు, ఆయన నోట చెప్పించాలని. ఆయన గోడకేసి చూశారు.

"నేను," అన్నాను.

"ఒక్క గ్లాసుకే ఏమైపోతుంది? ఇన్నాళ్ళూ గుండ్రాయిలా లేవూ?" అన్నారాయన.

"రేపు రక్తపరీక్షకు వస్తున్నావమ్మా," అంది అమ్మాయి నా వైపు తిరిగి. చీమ కుట్టినా చస్తాననుకునే నాకు వింతగా వణుకు రాలేదు. వాళ్ళ నాన్న ఎదుట గొంతు తగ్గించకుండా అడిగింది నా కూతురు. అడిగింది నా గురించి. నాకు అదే కళ్ళనిండా ఉంది.

ఈ పొద్దున కూడా షట్టరెత్తాను. మొదటి గ్లాసు పట్టాను. నారింజ రంగు, ఎప్పటిలాగే ముద్దొస్తోంది. తీసుకెళ్ళి గల్లా దగ్గర కూర్చున్న ఆయన ముందు పెట్టాను.

"ఒక్క గ్లాసే కదండీ. ఇవాళ మీరు తాగండి."

ఆయన గ్లాసుకేసి చూశారు, నాకేసి చూశారు. తర్వాత లేచి వెళ్ళి షట్టరు దించారు. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి దానికి తగలడం నేను చూడలేదు.