ఆరిన గొట్టాలు

“ఇంకోసారి కడుగు,” అంటూ నెత్తురు పరీక్షలు చేసే రఘుపతి గాజుగొట్టాల పళ్ళెం గోపమ్మ ముందుకు తోశాడు. “నీ కడుగుడు పాడుగాను, మళ్ల నెత్తురు ఖరాబైంది.”

గోపమ్మ పళ్ళెం అందుకుంది. ఆ గొట్టాలను ఆమె పొద్దున్నే సబ్బునీళ్ళతో తోమి, మరగకాచి, తెల్లగుడ్డ మీద బోర్లించి చుక్క లేకుండా ఎండబెట్టింది. ఆ సర్కారు దవాఖాన రక్తపరీక్షల గదిలో ఏడేళ్ళుగా ఆమె పని ఇదే. గొట్టంలో పోసిన నెత్తురు కాసేపటికి అడుక్కు దిగి, పైన ఎండుగడ్డి రంగు నీరు తేలాలి. చెడిన రోజున పైనీరూ ఎర్రగానే ఉంటుంది. ఇక ఏ పరీక్షకూ పనికిరాదు. రోగికి మళ్ళీ సూది గుచ్చాలి. అప్పుడల్లా రఘుపతి రోగితో, “మా ఆయా చేతులు గట్లున్నయి, ఏం జేస్త?” అని నవ్వేవాడు.

ఇంట్లోనూ అదే తీరు. ఆమె తోమిన గిన్నెను అత్త ఈదమ్మ మరొకసారి కడిగితే గాని పొయ్యి మీదికి ఎక్కనిచ్చేది కాదు. “ఎవరెవరి నెత్తురో ముట్టిన చేతులు,” అనేది. ఆ చేతులు వండిన కూర మాత్రం అడిగి అడిగి వేయించుకునేది. “మా అవ్వ అన్నదాంట్ల తప్పేమున్నది?” అనేవాడు భర్త దశరథం. విని విని గోపమ్మకే అనుమానం పట్టుకుంది. నిజంగానే తన చేతుల్లో ఏదో ఉందేమోనని బూడిదతో గోళ్ళు మంటపుట్టేదాకా రుద్దుకునేది.

పోయిన నెల రఘుపతి పదిరోజులు సెలవు పెట్టాడు. డాక్టరమ్మే గుడ్డమీది గొట్టాలు తీసుకుని పరీక్షలు చేసింది. ఒక్కటీ చెడలేదు. అతను తిరిగొచ్చిన రోజున గోపమ్మ పని ఆపి చూసింది. ఆమె ఆరబెట్టిన గొట్టాన్ని అతను కుళాయి కింద పట్టి కడిగి, ఒక్క విదిలింపు విదిలించి, ఆ తడిలోనే నెత్తురు పోశాడు. ఆమె చేయి తగిలిన గొట్టాన్ని అతను ఎన్నడూ అట్లాగే వాడడు. తడి ఎక్కువ మిగిలినప్పుడల్లా ఆ నీళ్ళకే నెత్తురు పగిలి, పైనీరు ఎర్రబడుతోంది. నెలరోజులుగా ఆ సంగతి ఆమె కడుపులోనే ఉంది. ఆయా మాట ఎవరు వింటారు?

ఆ మధ్యాహ్నం కోస్గి దిక్కు నుంచి గోవిందమ్మను బండిలో తెచ్చారు. కాన్పులో నెత్తురు పోయి పెదవులు పాలిపోయాయి. మొగుడి నెత్తురు తీస్తామంటే ఆమె అత్త అడ్డం పడింది. “నా కొడుకు నాగలి పట్టేటోడు. కూలబడితే ఇల్లెట్ల?” చివరికి గోవిందమ్మ తమ్ముడు కురుమయ్య చెయ్యి చాపాడు.

రఘుపతి ఇద్దరి నెత్తురూ కలిపి, గొట్టం ఎత్తి చూశాడు. మొత్తం ఎరుపే. ఒకరిది ఒకరికి పడని నెత్తుర్లు కలిపినా అట్లాగే ఎర్రబడుతుంది.

“కలుస్తలేదమ్మా,” అన్నాడు డాక్టరమ్మతో. “పట్నం తోలుడే.”

పట్నం దాకా ఆ మనిషి ఉండదని గదిలో అందరికీ తెలుసు. కురుమయ్య గోడకు చేరబడ్డాడు. “తోడబుట్టినోని నెత్తురే కలువకుంటే ఇంకెవలది కలుస్తది సారూ?”

గోపమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. “డాక్టరమ్మా, జర ఆగుండ్రి. నెత్తురుల ఏం లేదు. గొట్టంల నీళ్ళున్నయి. సారు నేను ఆరబెట్టినవి మళ్ల కడుగుతడు.”

“నోరు మూస్కో,” అన్నాడు రఘుపతి. “నీకేం తెలుసే?”

డాక్టరమ్మ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. “ఆరినవి ఉన్నాయా గోపమ్మా?”

గోపమ్మ గుడ్డ మీది నుంచి గొట్టాలు తెచ్చింది. అలవాటుగా రఘుపతి చెయ్యి చాచాడు. ఏడేళ్ళుగా ఆ చేతిలోనే పెట్టింది. ఇవాళ పెట్టలేదు. అతన్ని దాటుకుపోయి డాక్టరమ్మకు అందించింది.

డాక్టరమ్మ స్వయంగా ఇద్దరి నెత్తురూ మళ్ళీ తీసింది. ఈసారి ఎరుపంతా అడుక్కు దిగింది, పైన నీరు తేటగా నిలిచింది. సూక్ష్మదర్శినిలో కూడా చూసి, “కలిసింది,” అంది.

కురుమయ్య నెత్తురు బొట్టుబొట్టుగా అక్కకు ఎక్కుతుంటే రఘుపతి గోపమ్మ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“ఇయ్యాల బాగనే కడిగినవ్,” అన్నాడు, ఎటో చూస్తూ.

“నేను దినాం గిట్లనే కడుగుత సారూ,” అంది గోపమ్మ. “ఇయ్యాల మీరు కడుగలే.”