కవరు లేని మాత్రలు

మందుల షాపులో ఇరవై ఏళ్లుగా నాది ఒకటే పాట. నొప్పి మాత్ర ఎవరికిచ్చినా కాగితం కవరు మీద పూటకో గీత గీసి, "తిన్నాకే వేసుకోండి, మూడ్రోజులు దాటొద్దు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాను. కుట్టు మిషను తొక్కి తొక్కి మోకాళ్లు వాచిన మా అక్కకి మాత్రం, సొంత మనిషికి కవరెందుకులే అని, షీట్లు జేబులో వేసుకెళ్లి చేతిలో పెట్టేవాణ్ణి. నెల్లాళ్లుగా పరగడుపున ఉత్త టీతో మింగుతోందట. నిన్న నెత్తురు కక్కుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కకి విడమరిచి చెప్పింది. "ఒంట్లో వాపునీ నొప్పినీ పుట్టించే పదార్థాలు తయారవకుండా ఈ మాత్ర ఆపుతుందమ్మా. అందుకే కీళ్లనొప్పి, పంటినొప్పి, జ్వరం తగ్గుతాయి. కానీ కడుపు లోపలి పొరని కాపాడేవీ అలాంటి పదార్థాలే. అవి తగ్గితే పుండు పడుతుంది. ఇంతకీ మీకిది ఎవరిచ్చారు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"ఎవరో షాపులో ఇచ్చారండి," అంది అక్క, నా వైపు చూడకుండా.

"ఎలా వాడాలో చెప్పలేదా?"

"చెప్పే ఉంటారండి. నేనే వినిపించుకోలేదు."